పోచమ్మ గుడికి గెస్ట్ కోడ్

నిన్న పొద్దున మా అమ్మాయి స్నానానికి వెళుతూ తన ఫోన్ నా చేతిలో పెట్టి, "అమ్మా, గేటు కాడ ఎవరన్న ఆగితే ఓకే కొట్టు" అని చెప్పింది. తెల్లాపూర్‌లో వాళ్లుండే గేటెడ్ కమ్యూనిటీలో ముందు తలుపు తట్టడమనే పద్ధతి ఎప్పుడో పోయింది. మనిషి ఇంకా రోడ్డు మీద ఉండగానే ఫోన్ కుయ్యిమంటుంది, అతని ఫోటో చూపిస్తుంది, రానివ్వాలా వద్దా అని కింద రెండు బొత్తాలు పెడుతుంది. ఆకుపచ్చది నొక్కితే మనిషి లోపలికి వస్తాడు, ఎర్రది నొక్కితే అట్నుంచి అటే పోతాడు. నేను కాఫీ గ్లాసు పక్కన పెట్టేలోపే అది మోగింది. ఫోటోలో మీసాలాయన ఒకాయన ఎండకు కళ్లు చిట్లించుకుని నిలబడి ఉన్నాడు. ఆ చిట్లింపు నాకు నచ్చలేదు. ఎర్రది నొక్కాను. మా అమ్మాయి తల తుడుచుకుంటూ వచ్చి సంగతి తెలుసుకుని, "ఇస్త్రీ బట్టలాయనమ్మా! ఏండ్ల సంది ఆయనే వస్తుండు. ఇగ మీటింగ్‌కి నేనేం కట్టుకోవాలె?" అని నెత్తి కొట్టుకుంది.

నేనేం చేయను? అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది, తెలుగు టీచరు ఉద్యోగంతో ముదిరింది. ఏ స్కూల్లో పనిచేసినా పరీక్ష హాలు కాపలాకు ముందు నన్నే వేసేవారు. తల వంచుకుని బుద్ధిగా రాస్తున్న పిల్లను చూస్తే, ఎంత బాగా రాస్తోందో అని మిగతా టీచర్లు మురిసిపోయేవారు. నాకు మాత్రం ఆ పిల్ల మోకాలి మీద ఏముందో చూడాలనిపించేది. మా ఆయన బతికున్న రోజుల్లో నేను కూరగాయలు కొంటుంటే కాస్త దూరంగా నిలబడేవాడు, బండివాడితో పాటు తననూ ఎక్కడ నిలదీస్తానో అని. "తాటిచెట్టు కింద పాలు తాగినోన్ని ఎవరైనా అనుమానిస్తరు. నువ్వు పాలకేంద్రం కాడ పాలు తాగినోన్ని గూడ వాసన చూస్తవ్" అనేవాడు. ఆ మాటకు నేను నొచ్చుకునేదాన్ని కాదు. నిజమే కదా. అయితే ఎర్ర బొత్తాం నొక్కినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది మా ఆయన కాదు, మా సోషల్ మేడమ్.

నేను రిటైరయ్యే ముందు పనిచేసిన స్కూలు తెల్లాపూర్ దాటాక, కొత్తగా వేసిన వెడల్పాటి రోడ్డు పక్కన ఉండేది. పేరు చెప్పను. ఆ పేరులో ఊరి పేరు తప్ప ప్రపంచంలో ఉన్న మంచి మాటలన్నీ ఉండేవి. ఒక జూన్‌లో బడి తెరిచేసరికి మెట్ల పక్క గోడ మీద పెద్ద భూగోళం, దాని చుట్టూ చేతులు పట్టుకున్న రకరకాల రంగుల పిల్లల బొమ్మలు వెలిశాయి. టీచర్ల మీటింగులో ప్రిన్సిపాల్ గారు లేచి, ఈ ఏటి నుంచి ఎనిమిదో తరగతికి గ్లోబల్ సిటిజన్‌షిప్ అని కొత్త క్లాసు పెడుతున్నామనీ, మన పిల్లలు ప్రపంచ పౌరులు కావాలనీ, సామాజిక న్యాయమంటే ఏమిటో చిన్నప్పుడే తెలియాలనీ చెప్పారు. అందరం చప్పట్లు కొట్టాం. నేను చప్పట్లు కొడుతూనే తెర మీద టైంటేబుల్‌ను వెతికాను. అనుకున్నంతా అయింది. వారానికి రెండు పీరియడ్లు ఆ ప్రపంచం ఎక్కడి నుంచి తీసుకుంది? నా తెలుగులో నుంచి. హిందీ జోలికి పోలేదు, లెక్కల జోలికి అసలే పోలేదు. పోగొట్టుకోవడానికి అలవాటు పడ్డ ఇంట్లోనే దొంగ మళ్లీ పడతాడు.

ఆ క్లాసు చెప్పడానికి కొత్తగా ఒకావిడను తీసుకున్నారు. ఆవిడే సోషల్ మేడమ్. ఒంగోలు వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల ఇంటి ఆడపడుచు. నుదుట బొట్టుండదు, చేతికి గడియారం తప్ప మరేమీ ఉండదు, ప్రతి మాట చివరా అండి ఉంటుంది. భర్త ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తూ, వాళ్లు ఒకేసారి చాలామందిని తీసేసినప్పుడు ఇంట్లో కూర్చున్నాడట. కూతురు మా స్కూల్లోనే తొమ్మిదో తరగతిలో చేరింది. టీచర్ల పిల్లలకు మా దగ్గర ఫీజు లేదు. "నన్నింకా పర్మనెంట్ చేయలేదండి. మా పాప టెన్త్ అయ్యేవరకు ఈ ఉద్యోగం నిలబడితే చాలండి, ఇంకేమీ అక్కర్లేదు నాకు" అని మొదటి రోజే స్టాఫ్‌రూంలో చెప్పేసింది. ఎవరూ అడగకుండానే మనిషి తన బలహీనత బయటపెట్టుకుంటే నాకు ముందు జాలి కలగదు, ఎందుకు చెప్పిందా అనిపిస్తుంది.

స్టాఫ్‌రూం అంతా నాలాంటిదే అని అప్పుడు తెలిసింది. అక్కడ మేమంతా మధ్యాహ్నం డబ్బాలు మధ్యలో పెట్టుకుని తినేవాళ్లం. ఒకరి పప్పులో ఒకరి చెంచా పడేది. ఆవిడ మాత్రం తన డబ్బా తీసుకుని కూతురి దగ్గరికి వెళ్లిపోయేది. లెక్కల మేడమ్ ఇది చూసి, ఆవిడ మేనేజ్‌మెంట్ మనిషి, మన మాటలు పైకి మోస్తుంది అంది. సైన్స్ సారు, కాదు, ఏదో సంస్థ తరఫున వచ్చింది, పిల్లల మనసులు మార్చడానికే ఈ క్లాసు అన్నాడు. రుజువు లేకుండా మాట్లాడటం నా పద్ధతి కాదు. ఎనిమిదో తరగతి గది పక్కనే నీళ్ల డ్రమ్ము ఉండే వరండా ఉంది. ఆ రెండు పీరియడ్లలో నాకిప్పుడు పనేమీ లేదు, వాళ్లే ఖాళీ చేశారు కదా. మంచినీళ్ల సీసా పట్టుకుని వెళ్లి అక్కడ నిలబడటం మొదలుపెట్టాను. చాలా దాహమేసిన ఏడాది అది.

చెప్పొద్దూ, ఆవిడ చెప్పే తీరు బాగుండేది. అది నా అనుమానాన్ని ఇంకా పెంచింది. దేశాల సరిహద్దుల గురించి మొదలుపెట్టింది. ఎక్కడో దూరదేశంలో ఒక ఊరి మధ్య నుంచి కంచె వేస్తే అటు పొలం, ఇటు ఇల్లు ఎలా మిగిలాయో చెప్పింది. లోపలికి ఎవరు రావచ్చో ఎవరు నిర్ణయిస్తారు, బయట నిలబడ్డవాళ్లు ఎవరిని అడగాలి అని అడిగింది. పిల్లలు పుస్తకంలో ఉన్న జవాబులన్నీ ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పారు. అప్పుడు ఆవిడ తెలుగులోకి దిగి, "సరే, మీ గేటు దగ్గర ఎవరు నిలబడతారమ్మా?" అంది. ఈసారి ఒక్కో గొంతూ ఆగి ఆగి లేచింది. ఫుడ్ డెలివరీ అన్నలు, పనివాళ్లు, క్యాబ్ డ్రైవర్లు. చివరికి ఒక గొంతు, "పోచమ్మ ఆంటీలు" అంది. బావిలో నుంచి విన్నా గుర్తుపట్టగలను, అది ఆ క్లాసులోనే చదివే మా మనవరాలి గొంతు.

పోచమ్మ ఆంటీల సంగతి చెప్పాలి. మా అమ్మాయి వాళ్లుండే కమ్యూనిటీ, దాని పక్కనున్న ఊరివాళ్ల పొలాల్లో కట్టింది. పొలాలు అమ్మారు, పోచమ్మ గుడిని మాత్రం అమ్మలేదు. అమ్మడానికి అదేమైనా ఒకరిదా? బిల్డర్ దాని చుట్టూ కట్టుకుంటూ పోయాడు. అలా పోచమ్మ తల్లి టెన్నిస్ కోర్టుకూ జనరేటర్ గదికీ మధ్యన కాంపౌండు లోపల ఉండిపోయింది, ఊరు బయట ఉండిపోయింది. ఏటా శ్రావణంలో ఒక ఆదివారం ఊరి ఆడవాళ్లు బోనాలెత్తుకుని, డప్పులతో, ముందు పోతరాజు గెంతుతుంటే, గేటులో నుంచి వచ్చేవారు. మొక్కేసి, వేపాకు నీళ్లు సాక పోసి వెళ్లిపోయేవారు. ముందటి ఏడు ఎవరిదో కారుకు గీత పడిందని గొడవైంది. ఆ ఏడు ఫ్లాట్ల ఓనర్ల అసోసియేషన్ వాళ్లు తీర్మానం చేశారు. సెక్యూరిటీ దృష్ట్యా బయటివాళ్ల ఊరేగింపు కుదరదు, కావాలంటే ఊరి పెద్దలు కొందరు వచ్చి దండం పెట్టుకుని పోవచ్చు, బోనాలు మనమే జరుపుకుందాం అని. ఈవెంట్ మేనేజర్‌ని పెట్టారు. ఆకుపచ్చ చీరలు అందరికీ ఒకే రంగు, తలమీద బరువుండకుండా థర్మోకోల్ బోనాలు, పైన బ్యాటరీ దీపం. పోచమ్మ దగ్గర ఫోటోలు దిగడానికి పూల చట్రం కూడా.

మా స్కూలు బస్సు ఆయమ్మది ఆ ఊరే. నేను లింగంపల్లి నుంచి వచ్చే ఆ బస్సులోనే వెళ్లేదాన్ని. తీర్మానం సంగతి విన్న రోజు ఆవిడ నా సీటు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడి, "నా పెండ్లయి ఈ ఊరికొచ్చిన సంది ఒక్క ఏడు బోనం తప్పలే మేడమ్. కరోనాల గూడ పొద్దుగాల్నే పోయి ఎక్కించొచ్చిన. ఇప్పుడు రావద్దంటున్నరు. మా పోచమ్మ ఆల్ల చుట్టమెట్లయింది?" అంది. నేను ఊకొట్టి కిటికీలో నుంచి బయటికి చూశాను. మా అమ్మాయి ఆ అసోసియేషన్‌లో మెంబరే. ఆ తీర్మానానికి చెయ్యెత్తిందో లేదో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆ క్లాసులో తర్వాతి రెండు మూడు వారాలు ఇదే నడిచింది. పిల్లలు మంచి ఇంగ్లీషులో ఒక విన్నపం తయారుచేసి అసోసియేషన్ అంకుళ్లకు ఇచ్చారు. వాళ్లు పిల్లల బుగ్గలు గిల్లి, మీ ప్రజెంటేషన్ బాగుంది, బాగా చదువుకోండి అని పంపేశారు. బోనాలు ఆదివారం అనగా శుక్రవారం నేను యథాప్రకారం నీళ్ల డ్రమ్ము దగ్గర ఉన్నాను. మా మనవరాలు లేచి, "మేడమ్, మా మమ్మీ ఫోన్‌లకెళ్లి మేమే అందరికీ గెస్ట్ కోడ్ పంపిస్తే? కోడ్ ఉంటే సెక్యూరిటీ ఆపరు" అంది. నేను సీసా నింపడం ఆపేశాను. ఇంట్లోవాళ్లు ముందుగా అతిథి పేరూ నంబరూ కొడితే వాళ్ల ఫోన్‌కు ఒక కోడ్ వెళుతుంది, అది చూపిస్తే గేటు తెరుస్తారు. ఇప్పుడు దొరికింది అనుకున్నాను, ఆవిడ జవాబు కోసం చెవులు రిక్కించి. "వద్దమ్మా" అంది సోషల్ మేడమ్. "అది మీ అమ్మ ఫోను. అడక్కుండా వాడితే, మంచి పనికి వాడినా అది దొంగతనమే. అడగండి. కాదంటే మళ్లీ అడగండి." ఎన్నిసార్లు అని ఎవరో అడిగారు. "మీరు పెద్దయ్యేవరకూ" అంది. పిల్లలు నవ్వారు. నేను కాస్త నిరాశగా సీసా మూత బిగించుకుని వచ్చేశాను.

పిల్లలు ఆవిడ మాట అక్షరాలా విన్నారు. ఆ సాయంత్రమే అడిగారు. అయితే ఎప్పుడు అడిగారు? ఈ ఐటీ కారిడార్‌లో శుక్రవారం సాయంత్రమంటే తల్లిదండ్రులంతా చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఏదో ఒక దేశంతో మాట్లాడుతుండే వేళ. ఆ వేళలో పిల్లలు ఏమడిగినా పెద్దలు తెర మీద నుంచి చూపు తిప్పకుండా తల ఊపుతారు. పిజ్జా కావాలన్నా ఊపుతారు, స్నేహితులు వస్తారన్నా ఊపుతారు. మా మనవరాలు వాళ్లమ్మ పక్కన నిలబడి, "మమ్మీ, సండే గెస్ట్స్‌ని పిలవనా?" అంది. మా అమ్మాయి బొటనవేలు ఎత్తి చూపించింది. అన్ని ఫ్లాట్లలోనూ ఇంచుమించు అంతే జరిగింది. శనివారం పిల్లలు ఫోన్ చేసి అడిగితే ఆయమ్మ తమ మహిళా సంఘంలో వాళ్ల నంబర్లు చెప్పింది. పిల్లలు ఇళ్లకు పిలుస్తున్నారని ఆవిడ అర్థం చేసుకుంది.

ఆదివారం నేను మా అమ్మాయి ఇంట్లోనే ఉన్నాను. కింద టెన్నిస్ కోర్టు దగ్గర ఆకుపచ్చ చీరలు వరుసగా నిలబడి థర్మోకోల్ బోనాలతో ఫోటోలు దిగుతున్నాయి. అంతలో గేటు వైపు నుంచి డప్పు వినపడింది. బాల్కనీలో నుంచి చూస్తే గేటు ముందు బోనాలే బోనాలు, పసుపు రాసిన కుండలు, వేపమండలు, పైన గాలికి అల్లాడే నిజమైన దీపాలు. ఒక్కొక్కరూ కొంగుముడిలో నుంచి ఫోన్ తీసి చూపిస్తున్నారు. ఎక్కడి నుంచో వచ్చిన ఆ సెక్యూరిటీ గార్డులకు కోడ్ ఉంటే వదలమనే తెలుసు, వదిలేస్తున్నారు. పోతరాజును మాత్రం ఒక పిల్ల అతిథుల్లో కాకుండా డెలివరీల్లో కొట్టిందట. ఒళ్లంతా పసుపూ, చేతిలో కొరడా ఉన్న మనిషిని గార్డు ఎగాదిగా చూసి, పార్సిల్ ఏదీ అని అడిగాడట. ప్రతి ఇంట్లోనూ ఫోన్లు మోగుతున్నాయి, మీ అతిథి లోపలికి వచ్చారని. మా అమ్మాయి తన ఫోన్ చూసి, తర్వాత కూతుర్ని చూసింది. "నువ్వే కదా మమ్మీ పిలువు అన్నవ్" అంది మనవరాలు. నాకు నవ్వు ఆగలేదు, దాని వెనకే భయమూ వేసింది. సోషల్ మేడమ్ ఉద్యోగానికి ముప్పు వచ్చిందని అప్పుడే తట్టింది.

అక్కడితో అయిపోయినా అది మామూలు గొడవే అయ్యేది. ఆడవాళ్లు పోచమ్మకు బోనాలెక్కించారు, మొక్కారు, అసోసియేషన్ పెద్దలు పూల చట్రం పక్కన బిక్కమొహాలతో నిలబడ్డారు. అయితే ఊరి ఆడవాళ్లు తిరిగి గేటు వైపు పోలేదు. లిఫ్టుల వైపు వచ్చారు. కాసేపటికి మా గంట మోగింది. తలుపు తీస్తే బస్సు ఆయమ్మ, నుదుటినిండా కుంకుమ, చంకలో బోనం. నన్ను చూసి తను కూడా ఆశ్చర్యపోయింది. "నువ్వీడున్నవా మేడమ్? నీ మనుమరాలు పిలిచింది గదా. పిలిచినోళ్ల గడప తొక్కకుంట పోతే ఎట్ల, ఆల్ల పరువేం గావాలె?" అని లోపలికొచ్చి, మా అమ్మాయికి బొట్టుపెట్టి, బెల్లపన్నం గిన్నెలో వేసింది. మా అమ్మాయి కళ్లనిండా నీళ్లతో చేయి చాపింది. అన్ని ఫ్లాట్లకూ అలాగే వెళ్లారు. కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. కొన్ని తలుపుల వెనక మనుషులున్నారని తెలుస్తున్నా తెరుచుకోలేదు. అక్కడ ఆడవాళ్లు గడపకు కాస్త పసుపు రాసి, ఆకులో ప్రసాదం పెట్టి వచ్చేశారు.

సాయంత్రానికి కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. అందులో కారు గీతలు లేవు, లిఫ్టులు లేవు, అన్నీ వదిలేసి ఒక్క ప్రశ్నే మిగిలింది. ఒక క్రిస్టియన్ టీచర్‌కి మన పోచమ్మతో ఏం పని? తలుపు తీయనివాళ్లే ఎక్కువ అడిగారు. మా అమ్మాయి ఫోన్‌లో ఆ మెసేజ్‌లు చదువుతున్నదాన్ని ఫోన్ బోర్లా పెట్టేశాను. ఎందుకంటే ఆ ప్రశ్న నేనూ లోపల అడుక్కున్నదే. సోమవారం పొద్దున వరండాలో ఎదురైనప్పుడు ఆవిడ మొహం పీక్కుపోయి ఉంది. "మా చర్చిలో కూడా అడిగారండి, పిల్లల్ని విగ్రహం దగ్గరికి పంపావటగా అని. ఇద్దరికీ కానిదాన్నయ్యానండి" అని నవ్వబోయి ఊరుకుంది.

ఆ మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు నన్ను ముందు ఒక్కదాన్నే పిలిచారు. తలుపు వేయించారు, టీ తెప్పించారు. నాకు టీ తెప్పించడం అదే మొదటిసారి, అందుకే తాగలేదు. "మేడమ్, మీరు మొదటి నుంచీ ఈ క్లాస్ మీద డౌట్ పడ్డారు. ఆ పీరియడ్లలో వరండాలో నిలబడి విన్నారని నాకు తెలుసు. ఆవిడే పిల్లలకు ఈ ఐడియా ఇచ్చిందని మీరు ఒక్క మాట చెబితే పేరెంట్స్ శాంతిస్తారు. క్లాస్ తీసేస్తాం. ఆ రెండు పీరియడ్లూ మళ్లీ తెలుగుకే" అన్నారు. ఎన్నేళ్లుగానో ఎవరూ నా తెలుగు గురించి అంత ప్రేమగా మాట్లాడలేదు. పరీక్ష హాల్లో నా పక్కకు వచ్చి, మేడమ్ మీ చీర బాగుంది అని పొగిడే పిల్లను నేనెప్పుడూ వదిలిపెట్టలేదు. ఈ ప్రిన్సిపాల్‌ను మాత్రం ఎందుకు వదలాలి?

తర్వాత సోషల్ మేడమ్‌ని, స్కూలు కమిటీలో ఉన్న, ఆ కమ్యూనిటీవాళ్లే అయిన ఇద్దరు పేరెంట్లను కూడా పిలిచి కూర్చోబెట్టారు. కమిటీ ఆయన ఒకాయన సూటిగా, "ఐడియా ఏ స్టూడెంట్‌ది? పేరు చెప్పండి. ఆ స్టూడెంట్ మీద యాక్షన్ తీసుకుంటాం, మీ మీద ఏమీ ఉండదు" అన్నాడు. ఆ పేరు మా మనవరాలిది. ఆవిడకు పేరు తెలుసు. ఆ పేరు చెబితే ఆవిడ ఉద్యోగం నిలబడుతుంది, ఆవిడ కూతురి చదువు నిలబడుతుంది. ఆ స్థానంలో ఉంటే నేనేం చేస్తానో నాకు తెలుసు కనుక, ఆవిడా అదే చేస్తుందనుకున్నాను. ఆవిడ టేబుల్ వైపు చూస్తూ, "క్లాసు నాదండి. పిల్లల పేర్లు నేను చెప్పను" అంది. వద్దని తానే చెప్పిన సంగతి కూడా అనలేదు. అది అంటే, ఎవరితో అన్నావు అని అడుగుతారు కదా.

నేను లేచి నిలబడ్డాను. నిలబడితేనే నాకు మాట వస్తుంది, అలవాటు. "అడిగింది మా మనుమరాలు. నేను నా చెవుల్తోని విన్న. ఈమె వద్దన్నది, మీ అమ్మనడుగు అన్నది. ఆ పిల్ల పోయి అడిగింది. మా బిడ్డ మీటింగ్‌ల ఉండి బొటనవేలు చూపించింది. తప్పెవరిదో మీరే చెప్పుండ్రి. మీ ఇండ్లల్ల గూడ అదే అయింది, జర యాదికి తెచ్చుకోండ్రి" అన్నాను. కమిటీ ఆయన ఫోన్ తీసి ఊరికే చూసుకున్నాడు. ఆయన ఫ్లాట్‌కు వచ్చిన అతిథి పోతరాజేనని తర్వాత మా మనవరాలు చెప్పింది. ప్రిన్సిపాల్ గారు నా వైపు చూసిన చూపు నేను మరిచిపోను. నేను అందరినీ చూసే చూపే అది.

కథల్లో అయితే ఇక్కడ న్యాయం గెలవాలి. పిల్లల మీద ఏ చర్యా తీసుకోలేదు, అది నిజం. సోషల్ మేడమ్ తప్పు లేదని కూడా ఒప్పుకున్నారు. తప్పు లేని మనిషిని తీసేయడానికి వేరే మాటలుంటాయి. గ్లోబల్ సిటిజన్‌షిప్ క్లాసు ఈ ఏడాదికి ఆపుతున్నామన్నారు, క్లాసు లేదు కనుక పోస్టు లేదన్నారు, దసరా సెలవులకు ముందే పంపేశారు. ఆవిడ కూతురు పదో తరగతి మా స్కూల్లో చదవలేదు, మదీనాగూడలో ఏదో చిన్న స్కూల్లో సంవత్సరం మధ్యలో చేరింది. రెండు పీరియడ్లూ నాకు తిరిగి వచ్చాయి. ఆ గంటల్లో నేను పద్యాలు చెబుతుంటే పిల్లలు కిటికీలో నుంచి బయటికి చూసేవారు. వాళ్లను తిట్టడానికి నాకు మనసొప్పేది కాదు.

వెళ్లే రోజు ఆవిడ స్టాఫ్‌రూంలో అందరికీ నమస్కారాలు పెట్టి, నన్ను మాత్రం మెట్ల దాకా రమ్మంది. "మీరు నా ప్రతి క్లాసుకీ నీళ్ల డ్రమ్ము దగ్గర ఉంటారని నాకు తెలుసండి, మొదటి వారం నుంచే. మీకు వినపడాలని కాస్త గట్టిగా చెప్పేదాన్ని. పెద్దవాళ్లు ఒక్కరైనా వింటున్నారని ధైర్యంగా ఉండేదండి" అంది. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. అయినా పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది? ఎప్పటికైనా సాక్ష్యానికి పనికొస్తానని ముందే ఆలోచించి గట్టిగా చెప్పిందేమోనని, ఆవిడ ఆటో మలుపు తిరగకముందే అనుమానం వచ్చింది. ఒకవేళ అంత ముందుచూపే ఉంటే నాకు ఆవిడ మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

ఆ తర్వాతి శ్రావణానికి అసోసియేషన్ వాళ్లే ఊరికి కబురు పంపారు. పిల్లలు ఊరుకోలేదనేవాళ్లున్నారు, ఎన్నికలొస్తున్నాయనేవాళ్లున్నారు, ప్రసాదం తిన్న ఇళ్లవాళ్లు పట్టుబట్టారనేవాళ్లున్నారు. నేను ఏదీ పూర్తిగా నమ్మను. ఇప్పుడు ప్రతి ఏడూ ఊరి బోనాలు ముందు నడుస్తాయి, ఆకుపచ్చ చీరలు వెనక నడుస్తాయి, ఆడవాళ్లు లిఫ్టులెక్కి గడప గడపకూ వచ్చి బెల్లపన్నం పెట్టిపోతారు. మొన్న కొత్తగా దిగిన ఒకావిడ లిఫ్టులో నాతో, ఇది ఈ ప్రాంతంలో తాతల కాలం నుంచీ ఉన్న ఆచారమటండీ, ఎంత బాగుందో అంది. నేను అవునన్నాను. గొడవ ఆచారంగా మారడానికి నాలుగైదేళ్లు పట్టింది. దానికోసం ఉద్యోగం పోగొట్టుకున్న మనిషిని మరిచిపోవడానికి ఆ దసరా సెలవులే సరిపోయాయి.